భాగం 9: గృహోపకరణాల్లో మోటారు కమ్యూనికేషన్ లోపం – నిర్ధారణ

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ఇన్వర్టర్ ఉపకరణంలో మెయిన్ బోర్డుకూ మోటారు బోర్డుకూ మధ్య సమాచారం ఎట్లా నడుస్తుందో వివరించగలుగుతారు;
• కమ్యూనికేషన్ కోడ్‌కూ మోటారు కోడ్‌కూ ఉన్న తేడా చెప్పగలుగుతారు;
• తక్కువ ఖర్చుతో పోయే కారణం నుంచి ఎక్కువ ఖర్చయ్యే కారణం వైపు వరసగా పరీక్షించగలుగుతారు;
• తేమ, దుమ్ము వల్ల వచ్చిపోయే లోపాన్ని గుర్తించగలుగుతారు.

విషయక్రమం

9.1 ప్రవేశిక
9.2 రెండు బోర్డులు, ఒక మోటారు
9.3 సంభాషణ జరిగే తీరు
9.4 కోడ్ చెప్పేది, చెప్పనిది
9.5 నిర్ధారణ క్రమం
9.6 ఒక ఉదాహరణ: పిడుగురాళ్ల సున్నపు దుమ్ము
9.7 ఎయిర్ కండిషనర్‌లో ఇదే లోపం
9.8 ఖర్చు, బాధ్యత
9.9 సారాంశం
9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.1 ప్రవేశిక

పాతకాలపు వాషింగ్ మెషీన్‌లో మోటారు తిరగకపోతే మెకానిక్ నాలుగు చోట్ల చూసేవాడు: ప్లగ్గు, టైమరు, కెపాసిటరు, బెల్టు. ఆ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట లోపం దొరికేది. ఇప్పటి ఇన్వర్టర్ మెషీన్‌లో మోటారు తిరగకపోతే అద్దం మీద ఒక కోడ్ కనిపిస్తుంది. ఆ కోడ్ చూసి, "బోర్డు పోయిందండీ" అని చెప్పడం మన ఊళ్లలో అలవాటయింది. బోర్డు ఖరీదు కొన్ని వేల రూపాయలు. మార్చాక కూడా కోడ్ పోకపోతే ఆ డబ్బు వెనక్కి రాదు.

ఈ భాగంలో నేర్చుకోవలసిన ముఖ్య విషయం ఒక్కటే. కమ్యూనికేషన్ కోడ్ ఎవరి మధ్య మాట ఆగిందో చెబుతుంది. ఏ వస్తువు చెడిపోయిందో చెప్పదు. దీన్ని మరిచిపోయి నేను కూడా ఒకసారి పొరపాటు చేశాను. దాన్ని 9.6లో వివరిస్తాను.

9.2 రెండు బోర్డులు, ఒక మోటారు

ఇన్వర్టర్ వాషింగ్ మెషీన్‌లో సాధారణంగా రెండు ముఖ్యమైన బోర్డులుంటాయి. కొన్ని నమూనాల్లో రెండూ ఒకే పలక మీద ఉన్నా, వాటి పనులు వేరువేరే.

మెయిన్ బోర్డు: మీరు నొక్కిన బటన్లు, నీటి మట్టం, తలుపు తాళం మొదలైనవాటిని చూసుకుంటుంది. "ఇప్పుడు నిమిషానికి 45 చుట్లు, కుడివైపు" అని నిర్ణయించేది ఇదే. మోటారును తిప్పే శక్తి మాత్రం దీనికి లేదు.

మోటారు బోర్డు: ఇంటికి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ముందు ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. 230ని 1.414తో గుణిస్తే సుమారు 325 వోల్టులు వస్తుంది. ఈ శక్తి పెద్ద కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. తరవాత ఆరు ఎలక్ట్రానిక్ స్విచ్చులు దాన్ని ముక్కలుగా కోసి మోటారులోని మూడు చుట్టలకు వంతులవారీగా పంపుతాయి. ఆ వంతుల వేగం మారితే మోటారు వేగమూ మారుతుంది.

మోటారు పక్కన హాల్ సెన్సర్లు ఉంటాయి. అయస్కాంతం ముందు నుంచి పోయినప్పుడల్లా ఇవి ఒక స్పందన పంపి, మోటారు నిజంగా తిరుగుతున్నదా, ఏ వైపు, ఎంత వేగంతో అన్న సంగతి మోటారు బోర్డుకు తెలియజేస్తాయి. సెన్సర్లు లేకుండా చుట్టల్లోని కరెంటును కొలిచి వేగాన్ని లెక్కగట్టే నమూనాలు కూడా ఉన్నాయి.

కాబట్టి ఉపకరణంలో రెండు వేర్వేరు దారులున్నాయని గుర్తుంచుకోండి. మొదటిది మెయిన్ బోర్డుకూ మోటారు బోర్డుకూ మధ్య ఉన్న మాటల దారి. రెండోది మోటారు బోర్డుకూ మోటారుకూ మధ్య ఉన్న శక్తి, సెన్సర్ల దారి. కమ్యూనికేషన్ లోపం మొదటి దారికి సంబంధించినది.

9.3 సంభాషణ జరిగే తీరు

రెండు బోర్డుల మధ్య చాలావరకు నాలుగు సన్నని వైర్లుంటాయి: 5 వోల్టుల సరఫరా, గ్రౌండు, పంపే లైను, అందుకునే లైను. ఇక్కడి పంపే లైను అక్కడి అందుకునే లైనుకు కలుస్తుంది.

సంభాషణ ఒకటి, సున్నాల వరసగా సాగుతుంది. ఎక్కువ బోర్డుల్లో మాట లేనప్పుడు లైను 5 వోల్టుల దగ్గర నిలిచి ఉంటుంది, అది "ఒకటి". ఒక్కసారి సున్నాకు దిగితే, "వినండి, మొదలుపెడుతున్నాను" అని అర్థం. దాని తరవాత 8 బిట్ల సమాచారం, చివర ఒక ముగింపు బిట్ వస్తాయి. అంటే ఒక్కో బైటుకు మొత్తం 10 బిట్లు.

లెక్క: వేగం సెకనుకు 9600 బిట్లు అనుకుందాం. ఒక బిట్‌కు పట్టే కాలం 1 ÷ 9600 సెకన్లు, అంటే సుమారు 104 మైక్రోసెకన్లు. ఒక బైటుకు 1.04 మిల్లీసెకన్లు. కనెక్టరు ఒక్క మిల్లీసెకను వదులైనా ఒక బైటు పూర్తిగా చెడిపోతుంది. బల్బు వెలుగులో ఆ కాస్త అంతరాయం మన కంటికి ఆనదు.

చెడిన మాటను గుర్తుపట్టడానికి ప్రతి సందేశం చివర ఒక సరిచూపు అంకె పంపుతారు. ఉదాహరణకు 12, 45, 3 అనే అంకెలు పంపితే వాటి మొత్తం 60 కూడా వెంట వస్తుంది. అందుకున్న బోర్డు తానూ కూడి చూస్తుంది. మొత్తం కుదరకపోతే ఆ సందేశాన్ని వదిలేస్తుంది. వరసగా కొన్నిసార్లు జవాబు రాకపోయినా, వచ్చింది తప్పయినా మెయిన్ బోర్డు మోటారు పని ఆపి కోడ్ చూపిస్తుంది. జవాబు రాని మోటారును గుడ్డిగా తిప్పడం ప్రమాదం కాబట్టి ఇట్లా ఏర్పాటు చేస్తారు.

చాలా నమూనాల్లో ఈ లైను మధ్యలో ఆప్టోకప్లర్ అనే చిన్న నల్లటి భాగం ఉంటుంది. అందులో ఒక పక్క బుల్లి దీపం, రెండో పక్క వెలుగును పసిగట్టే ట్రాన్సిస్టరు. సమాచారం వెలుగు రూపంలో దాటుతుంది, కరెంటు దాటదు. మోటారు బోర్డు గ్రౌండు నేరుగా మెయిన్సుకు కలిసి ఉండవచ్చు కాబట్టి ఈ ఏర్పాటు అవసరం. "గ్రౌండే కదా" అని దాన్ని చేత్తో ముట్టుకోకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: సమాధానం రాశాక 9.10తో పోల్చి చూసుకోండి.
వేగం సెకనుకు 4800 బిట్లయితే ఒక బైటు పంపడానికి ఎంత కాలం పడుతుంది?

9.4 కోడ్ చెప్పేది, చెప్పనిది

ఒక్కో కంపెనీ కోడ్‌లు ఒక్కో రకంగా ఉంటాయి. ఎల్‌జి వాషింగ్ మెషీన్‌లో "ఎల్.ఈ." అంటే మోటారు ఆగిపోవడం లేదా మోటారు మీద మోయలేని భారం పడడం. ఇది రెండో దారికి చెందినది. బట్టలు ఎక్కువైనా, హాల్ సెన్సరు చెడినా రావచ్చు. అదే కంపెనీ ఎయిర్ కండిషనర్‌లో "సి.హెచ్. 05", డైకిన్‌లో "యు 4" అనేవి లోపలి యూనిట్‌కూ బయటి యూనిట్‌కూ మధ్య మాట ఆగినట్టు చెబుతాయి. ఇవి మొదటి దారివి. కాబట్టి ముందుగా ఆ నమూనా సర్వీసు పుస్తకంలో కోడ్ అర్థం చూడండి. ఒక నమూనా అర్థాన్ని ఇంకో నమూనాకు అంటగట్టవద్దు.

కమ్యూనికేషన్ కోడ్ రావడానికి కారణాలు ఇవి:
1. మోటారు బోర్డుకు కరెంటే అందకపోవడం. ఆ బోర్డు చెడకపోయినా జవాబు చెప్పలేదు.
2. కనెక్టరు వదులవడం, తుప్పు, దుమ్ము, తేమ.
3. వైరు తెగడం: ఎలుక కొరుకుడు, అదురుకు నలగడం, పదునైన రేకుకు రాసుకోవడం.
4. మోటారులో గానీ స్విచ్చుల్లో గానీ షార్టు వచ్చి, మోటారు బోర్డు చిన్న సరఫరా కుప్పకూలడం.
5. మోటారు బోర్డు చెడడం.
6. మెయిన్ బోర్డు చెడడం.
7. కొత్త బోర్డులో ఆ నమూనాకు తగిన అమరిక ఎక్కించకపోవడం.

అద్దం మీద కనిపించే కోడ్ మాత్రం ఈ ఏడింటికీ ఒక్కటే. బోర్డు అన్నది ఈ పట్టికలో 5, 6 స్థానాల్లో ఉంది. మొదటి మూడింటిని చూడకుండా అక్కడికి వెళ్లకూడదు.

9.5 నిర్ధారణ క్రమం

హెచ్చరిక: ప్లగ్గు తీసిన తరవాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీయగల వోల్టేజీ నిలిచి ఉంటుంది. కనీసం 10 నిమిషాలు ఆగండి. ఆ తరవాత మల్టీమీటరును 1000 వోల్టుల డి.సి. స్థాయిలో పెట్టి, వోల్టేజీ పూర్తిగా దిగిందని కొలిచి నిర్ధారించుకోండి. స్క్రూడ్రైవరుతో షార్టు చేయవద్దు. కరెంటు ఉండగా చేసే కొలతలు (అయిదో, ఆరో మెట్లు) శిక్షణ పొందినవారు, పక్కన ఇంకొకరు ఉండగా మాత్రమే చేయాలి.

మొదటి మెట్టు – అడగడం. కోడ్ ఎప్పుడు వస్తున్నది? స్విచ్చు వేయగానే వస్తే సరఫరా లేకపోవడమో వైరు తెగడమో కావచ్చు. నీళ్లు పిండే సమయంలో వస్తే అదురుకు వదులయ్యే కనెక్టరు కావచ్చు. పొద్దున వచ్చి మధ్యాహ్నం పోతే తేమను అనుమానించాలి. ఈ మెట్టుకు రూపాయి ఖర్చు లేదు, కానీ ఎక్కువమంది వదిలేసేది దీన్నే.

రెండో మెట్టు – చూడడం. మూత విప్పి కనెక్టర్లను మంచి వెలుతురులో చూడండి. ఆకుపచ్చ తుప్పు, తెల్లటి పొడి, చీమలు, బల్లి, కాలిన మచ్చ ఉన్నాయేమో గమనించండి. విప్పే ముందు ఫోటో తీసుకోండి.

మూడో మెట్టు – వైరు కొలవడం. రెండు చివరలా కనెక్టరు ఊడదీసి, ఒక్కో వైరును 200 ఓముల స్థాయిలో కొలవండి. ఒక ఓముకు అటూ ఇటూగా రావాలి. కొలుస్తూనే వైరును మెల్లగా కదపండి. బీప్ శబ్దాన్ని మాత్రమే నమ్మవద్దు. చాలా మీటర్లు 30, 40 ఓములున్నా బీప్ అంటాయి.

నాలుగో మెట్టు – మోటారు. మోటారు కనెక్టరు తీసి మూడు చుట్టలను జతజతగా కొలవండి. మూడు కొలతలూ సమానంగా ఉండాలి. చుట్టకూ మోటారు ఒంటికీ మధ్య మీటరు ఏమీ చూపకూడదు.

అయిదో మెట్టు – సరఫరా. మోటారు బోర్డుకు 230 వోల్టులు వస్తున్నదా? ఏకముఖ వోల్టేజీ 300 పైన ఉన్నదా? చిన్న సరఫరా 5 వోల్టులు ఉన్నదా? 5 వోల్టులు లేకపోతే ప్లగ్గు తీసి, నిలవ వోల్టేజీ దిగాక మోటారు కనెక్టరు ఊడదీసి మళ్లీ కొలవండి. 5 వోల్టులు తిరిగి వస్తే లోపం మోటారు వైపు ఉంది.

ఆరో మెట్టు – సంకేతం. పంపే లైనునూ, అందుకునే లైనునూ ఆ బోర్డు గ్రౌండుతో పోల్చి డి.సి. వోల్టులు కొలవండి. మీటరు సగటును మాత్రమే చూపుతుంది. మాట నడుస్తుంటే అంకె నిలకడగా ఉండదు. కాస్త కిందికీ పైకీ ఊగుతుంది. 5 దగ్గర కదలకుండా ఉంటే ఎవరూ మాట్లాడడం లేదు. 0 దగ్గర కదలకుండా ఉంటే లైను గ్రౌండుకు తగిలి ఉండవచ్చు. మెయిన్ బోర్డు పంపే లైను ఊగుతూ, జవాబు లైను కదలకపోతే, సరఫరా కూడా సరిగా ఉంటే, అప్పుడు మోటారు బోర్డును అనుమానించడానికి ఆధారం దొరికినట్టు.

ఏడో మెట్టు – బోర్డు మార్చడం. పై ఆరు మెట్లలో వచ్చిన అంకెలు కాగితం మీద ఉన్నప్పుడే ఈ మెట్టు ఎక్కాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
మెయిన్ బోర్డు పంపే లైను 5 వోల్టుల దగ్గర కదలకుండా ఉంది. మోటారు బోర్డు మారిస్తే ఉపయోగం ఉంటుందా?

9.6 ఒక ఉదాహరణ: పిడుగురాళ్ల సున్నపు దుమ్ము

పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందిన ఊరు. ఈ ప్రాంతపు నేల కింద నర్జీ సున్నపురాయి పొరలున్నాయి. ఆ రాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దాటి కాలిస్తే కార్బన్ డయాక్సైడు పోయి పొడిసున్నం మిగులుతుంది. పొడిసున్నానికి నీళ్లంటే దాహం. గాలిలోని తేమను కూడా పీల్చుకొని తడిసున్నంగా మారుతుంది. కొంతకాలానికి గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. మన గోడలకు వెల్ల పట్టుకొని ఉండేది ఈ గుణం వల్లనే. కనెక్టరులో దూరిన దుమ్ము కూడా ఇదే పని చేస్తుంది.

మా ఎదురింటి వాషింగ్ మెషీన్ పెరటి వసారాలో ఉండేది. మార్గశిర మాసంలో పొద్దున్నే మెషీన్ వేస్తే కమ్యూనికేషన్ కోడ్ వచ్చేది. మెకానిక్ మధ్యాహ్నం వచ్చేసరికి చక్కగా తిరిగేది. రెండుసార్లు అట్లా అయ్యాక ఆ అబ్బాయి మోటారు బోర్డు మార్చాలన్నాడు. ఆ ఇంటావిడ నన్ను అడిగింది.

"అన్నయ్యగారూ, ఎనిమిదిన్నర వేలంటున్నాడు. మార్పించమంటారా?"

"కోడ్ అదే చెబుతున్నది కదమ్మా, మార్పించండి" అన్నాను. మూత విప్పలేదు, ఒక్క కొలత తీయలేదు. ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పినవాడినన్న ధీమాతో అన్న మాట అది.

బోర్డు మార్చారు. పదిహేను రోజులకు, మంచు పట్టిన ఒక ఉదయం, మళ్లీ అదే కోడ్. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. బకెట్లో బట్టలు నానబెట్టుకొని చేత్తో ఉతుకుతూ కనిపించింది. ఆ రోజే అబ్బాయిని పిలిపించి, ఇద్దరం కలిసి మూత విప్పాం.

"సార్, ఇది చూడండి" అని అతనే చూపించాడు. రెండు బోర్డుల మధ్య వైరు కట్ట మెయిన్ బోర్డు వైపు కలిసే చోట, నాలుగు పిన్నుల కనెక్టరులో, తెల్లటి పొర. కొత్త బోర్డు పెట్టినప్పుడు మోటారు బోర్డు వైపు చివరను మాత్రమే ఊడదీశారు. ఈ చివరను ఎవరూ తాకలేదు.

ఇక్కడ జరిగింది గమనించండి. ఎండినప్పుడు ఆ పొర విద్యుత్ బంధకం. పిన్నుల నడుమ ఉన్నా కరెంటును పోనివ్వదు, కాబట్టి మధ్యాహ్నం మెషీన్ నడిచింది. మంచుకు తడిసినప్పుడు అది క్షార ద్రావణమై, పక్కపక్క పిన్నుల మధ్య కరెంటుకు దొంగదారి ఇచ్చింది.

లెక్క: సంకేతపు లైను 10 కిలో ఓముల నిరోధకం ద్వారా 5 వోల్టులకు కట్టి ఉన్నదనుకుందాం. తడిపొర ఆ లైనుకూ గ్రౌండుకూ మధ్య ఇంకో 10 కిలో ఓముల దారి ఇస్తే, లైను వోల్టేజీ 5 × 10 ÷ (10 + 10) = 2.5 వోల్టులకు పడిపోతుంది. 5 వోల్టుల చిప్‌లు చాలావరకు 3.5 వోల్టులు దాటితేనే "ఒకటి"గా తప్పక గుర్తిస్తాయి. 2.5 అంటే ఒకటీ కాదు, సున్నా కాదు. అంకెలు కుదరక మెయిన్ బోర్డు సందేశాలను వదిలేస్తుంది. ఇందులో ఏ బోర్డు తప్పూ లేదు.

శుభ్రం చేసే పద్ధతి: ముందు పొడి మెత్తని బ్రష్‌తో పొరను రాల్చాలి. గట్టిపడిన సున్నం ఆల్కహాలులో కరగదు కాబట్టి నేరుగా ఆల్కహాలు పోసి లాభం లేదు. రాల్చిన తరవాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. నిమ్మరసం, వెనిగర్ సున్నాన్ని కరిగిస్తాయి నిజమే; కానీ వాటి ఆమ్లం పిన్నుల మీద మిగిలిపోయి లోహాన్ని తింటుంది. వాటిని వాడవద్దు. పిన్నులు అప్పటికే గుంటలు పడి ఉంటే కనెక్టరునే మార్చాలి.

ఆ మెషీన్‌కు పట్టిన సమయం నలభై నిమిషాలు. తరవాత దాన్ని వసారా నుంచి గోడ లోపలికి జరిపించాం. పాత బోర్డును మళ్లీ పెట్టి చూశాం. అదీ బాగానే పని చేసింది. ఆ ఎనిమిదిన్నర వేలలో నా మాట పాలు ఎంతో నాకు తెలుసు. అందుకే కొలవకుండా సలహా చెప్పవద్దని మీకు ఇంతగా చెబుతున్నాను.

మీ ఊళ్లో సున్నం లేకపోవచ్చు. తీరప్రాంతంలో ఉప్పుగాలి, మిల్లుల దగ్గర పత్తి నూగు, బియ్యపు తవుడు ఉంటాయి. మీ ఊరి గాలిలో ఏముందో తెలుసుకోవడం కూడా నిర్ధారణలో భాగమే.

9.7 ఎయిర్ కండిషనర్‌లో ఇదే లోపం

రెంటచింతల ఎండలకు పేరున్న పల్నాడులో వేసవిలో ఎయిర్ కండిషనర్ ఆగితే పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంటికి కష్టమే. ఇన్వర్టర్ స్ప్లిట్ యూనిట్‌లో కంప్రెసరు మోటారు బయట, ఆజ్ఞ ఇచ్చే బోర్డు లోపల ఉంటాయి. రెండింటి మధ్య సాధారణంగా ఫేజు, న్యూట్రలు, సంకేతం, ఎర్తు అనే నాలుగు వైర్లు నడుస్తాయి. చాలా నమూనాల్లో సంకేతం న్యూట్రలును తోడుగా వాడుకుంటుంది. అందువల్ల బిగించేటప్పుడు ఫేజు, న్యూట్రలు తారుమారైనా, సంకేతపు వైరు వేరే స్క్రూకు పోయినా, మొదటి రోజే కోడ్ వస్తుంది.

కొంతకాలం బాగా నడిచి తరవాత కోడ్ వస్తే మూడు చోట్ల చూడండి: దారి మధ్యలో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు, వేడికి నల్లబడిన టెర్మినల్ స్క్రూ, బయటి యూనిట్‌కు కరెంటు అందకపోవడం. జాయింటు లేని ఒకే కేబులు వేయడం శాశ్వత పరిష్కారం. ఈ సంకేతపు వైరులో మెయిన్సు వోల్టేజీ ఉండవచ్చు. సన్నగా ఉందని చులకనగా చూడవద్దు.

9.8 ఖర్చు, బాధ్యత

మరమ్మతు చేసేవారు మూడు పద్ధతులు పాటించాలి. కొలతలు రాసి ఇవ్వడం, మార్చిన పాత బోర్డును ఇంటివారికి తిరిగి అప్పగించడం, బిల్లు ఇవ్వడం. ఇంటివారు ఈ మూడూ అడగడానికి మొహమాటపడనక్కరలేదు. సేవాలోపం మీద ఫిర్యాదు చేసే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇస్తున్నది. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. విడిభాగాలు, మరమ్మతు సమాచారం అందరికీ అందేందుకు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. గృహోపకరణాలు అందులో ఒక విభాగం.

9.9 సారాంశం

ఇన్వర్టర్ ఉపకరణంలో మెయిన్ బోర్డు ఆజ్ఞ ఇస్తుంది, మోటారు బోర్డు తిప్పుతుంది. వాటి మధ్య మాట ఆగితే కమ్యూనికేషన్ కోడ్ వస్తుంది. ఆ కోడ్‌కు ఏడు కారణాలుండవచ్చు; వాటిలో సరఫరా, కనెక్టరు, వైరు ముందుగా చూడవలసినవి. అడగడం, చూడడం, కొలవడం, ఆ తరవాతే మార్చడం అన్నది క్రమం. పొద్దున వచ్చి ఎండకు పోయే కోడ్ తేమకు గుర్తు. వైరు కట్టకు రెండు చివరలుంటాయి. రెండింటినీ విప్పి చూడాలి.

9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. 10 ÷ 4800 సెకన్లు, అంటే సుమారు 2.08 మిల్లీసెకన్లు.
2. తొందరపడకూడదు. మెయిన్ బోర్డు అసలు మాట్లాడడమే లేదు. ముందు దాని సరఫరా, అమరిక, కనెక్టరు పరీక్షించాలి. మోటారు బోర్డు తప్పు అనడానికి ఈ కొలత ఆధారం కాదు.

9.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. కమ్యూనికేషన్ లోప నిర్ధారణలోని ఏడు మెట్లను కారణాలతో వివరించండి.
2. ఎండినప్పుడు హాని చేయని దుమ్ముపొర తడిసినప్పుడు సంకేతాన్ని ఎట్లా చెడగొడుతుందో లెక్కతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ఆప్టోకప్లర్ అవసరం ఏమిటి?
2. మల్టీమీటరు బీప్ శబ్దాన్ని మాత్రమే నమ్మకూడదు, ఎందుకు?

III. చేసి చూడండి.
మీ వీధిలో ఇటీవల బోర్డు మార్చిన ఒక ఉపకరణం గురించి ఇంటివారిని అడిగి తెలుసుకోండి. కోడ్ ఏ వేళల్లో వచ్చింది, మార్చేముందు ఏమేం కొలిచారు, మార్చిన తరవాత కోడ్ తిరిగి వచ్చిందా అన్న వివరాలను ఒక పేజీలో రాసి మీ అధ్యయన కేంద్రంలో చర్చించండి.